మోషుమ్ అడవికి వెళ్ళని చలికాలం

అమ్మ పోయాక ఆవిడ పట్టుచీరలు పంచిపెట్టే పని నా మీద పడింది. ఏడాది దాకా ఆ పెట్టె జోలికి పోలేదు. "తియ్యవే తల్లీ, పురుగు పట్టిపోతాయి" అని నాన్న నస పెట్టగా పెట్టగా, ఒక ఆదివారం పొద్దున బేస్‌మెంట్‌లో చాప వేసుకుని కూర్చుని మూత తీశాను. చికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా ఇంట్లో అమ్మ వస్తువు ఏది ముట్టుకున్నా కర్పూరం వాసన. ఆ పెట్టె మాత్రం గుప్పున పొగ వాసన కొట్టింది. కట్టెల పొయ్యి పొగ కాదు, తోలుకి పట్టించిన పొగ. ఆ వాసన తగలగానే పెట్టెలో ఏముందో చూడకుండానే నాకు తెలిసిపోయింది. గద్వాల చీర మడతలో మూస్ అనే పెద్ద దుప్పి తోలుతో కుట్టిన రెండు చేతి తొడుగులు ఉన్నాయి. వీపు మీద నీలం పూసల పువ్వు, మణికట్టు చుట్టూ మెత్తటి గోధుమరంగు బొచ్చు. మోంటానాలో అమ్మ స్నేహితురాలు కోకుమ్ కుట్టి ఇచ్చినవి. నలభై ఏళ్ళ పైమాట. అమ్మ వాటిని తొడుక్కోగా నేను ఒక్కసారీ చూడలేదు. ఇన్ని ఇళ్ళు మారినా ఎక్కడా పారేయనూ లేదు. చీరలు అక్కడే వదిలేసి చాలాసేపు ఏడ్చాను.

మేం మోంటానా వెళ్ళడం నాన్న ఉద్యోగం వల్ల. ఆయనది తెనాలి వైపు. ఆ రోజుల్లో వచ్చిన మన డాక్టర్లందరూ చికాగో, న్యూయార్క్ అంటుంటే ఈయనకి దొరికింది కెనడా సరిహద్దుకి కూతవేటు దూరంలో, క్రీ అనే ఆదివాసీ తెగకి కేటాయించిన భూమిలో, అంటే రిజర్వేషన్‌లో, ఒక గవర్నమెంటు క్లినిక్. క్రీలంటే ఆ ఉత్తరాది అడవుల్లో తరతరాలుగా వేటాడి, ఉచ్చులు వేసి బతికినవాళ్ళు. నాకప్పుడు పదేళ్ళు. క్లినిక్ వెనకే మాకిచ్చిన ఇల్లు. చుట్టూ గడ్డి మైదానం, దూరంగా నల్లగా కొండలు, మధ్యలో గాలి. ఆ గాలి సంగతి చెప్పాలంటే ఇంకో పుస్తకం రాయాలి. అమ్మ ముగ్గు వేద్దామని పిండి పట్టుకుని గుమ్మంలోకి వెళితే, పిండి సరాసరి పక్కింటికి పోయేది. ఇక ముగ్గు మానేసి, వంటగది గచ్చు మీద స్టవ్ ముందు చిన్న గీత గీసుకునేది.

ఆ ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రాణి పెరుగు తోడు. ఇండియా నుంచి గుడ్డకి పట్టించి, ఎండబెట్టి తెచ్చిన తోడు అది. చలికి చచ్చిపోకుండా దాన్ని ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన, నాన్న ఉన్ని టోపీ కప్పి నిద్రపుచ్చేది అమ్మ. "నా నెత్తికి లేకపోయినా పెరుక్కి ఉండాలి" అని నాన్న గొణుక్కుంటూ క్లినిక్‌కి పోయేవారు. బియ్యం, పప్పు కొనాలంటే పికప్ ట్రక్కులో రెండు గంటలు పోవాలి. చింతపండు ఇండియా నుంచి వస్తే వచ్చినట్టు. చలికాలం కిటికీలు తియ్యడానికి లేదు గనక ఇంగువ పోపు వాసన మా కోట్లకి పట్టేసి మాతోపాటే బడికి వచ్చేది. నా పక్క సీటు పిల్ల లొరేన్ ముక్కు నా చేతి మీద ఆనించి "మీ ఇల్లు ఆకలేసే వాసన వేస్తుంది" అనేది. ఆ లొరేన్‌ని పెంచింది వాళ్ళ తాతా అమ్మమ్మా. క్రీ భాషలో అమ్మమ్మని కోకుమ్ అంటారు, తాతని మోషుమ్ అంటారు. ఊరంతా వాళ్ళిద్దర్నీ అలాగే పిలిచేది. మేమూ అలాగే పిలిచాం.

కోకుమ్ మా అమ్మకి ఆ దేశంలో మొదటి స్నేహితురాలు. నన్నడిగితే చివరి స్నేహితురాలు కూడా. ఒకరి భాష ఒకరికి రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రం. మధ్యాహ్నం అవగానే కోకుమ్ తలుపు కొట్టకుండా లోపలికి వచ్చి, వంటగదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరేది, ఆవిడ తోలు మీద పూసలు కుట్టేది. టీలో చక్కెర ఎంత వేసినా కోకుమ్ ఇంకా అన్నట్టు కప్పు ముందుకి తోసేది. "ఈవిడకి షుగరుందిటండీ, నేను పోస్తున్నది టీయా విషమా?" అని అమ్మ నాన్నతో మొర పెట్టుకునేది. అమ్మ పూరీలు వేస్తే ఆవిడకి ప్రాణం లేచొచ్చేది, ఎందుకంటే వాళ్ళూ పిండి ముద్దని నూనెలో వేయించి రొట్టె చేసుకుంటారు. ఆవిడ తెచ్చిన రొట్టెని మొదటిసారి అమ్మ ముట్టుకోలేదు, అది పంది కొవ్వులో వేగిందేమోనని. కోకుమ్ అది గమనించింది. మర్నాడు కొత్త నూనె సీసా కొని, మూత తీయకుండా మా ఇంటికే తెచ్చి, మా స్టవ్ మీద, అమ్మ చూస్తుండగా వేయించి పెట్టింది. ఆ రోజు నుంచి అమ్మ ఆవిణ్ణి మన మనిషి అనేది.

మోషుమ్ వేరే రకం. పొడుగ్గా, ఎండిపోయిన చువ్వలా ఉండేవాడు. మాట తక్కువ. ఊళ్ళో ఉన్నప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియని సామానులాగా గోడకి ఆనుకుని నిలబడేవాడు. నేల గడ్డకట్టే వేళకి ఆయన కళ్ళల్లో దీపం వెలిగేది. గుడారం, రేకు పొయ్యి, ఉచ్చులు, పిండి బస్తా, టీ, తుపాకీ గుళ్ళు సర్దుకుని ఇద్దరూ కొండల వెనక అడవిలోకి పోయేవాళ్ళు. మంచు కరిగేదాకా అక్కడే. లొరేన్ బడి ఉన్నన్నాళ్ళూ మేనత్త ఇంట్లో ఉండి, సెలవలకి వాళ్ళ దగ్గరికి పోయి, వచ్చాక ఆ వాసన వేస్తూ నా పక్కన కూర్చునేది. అడవికి అలా పోయే కుటుంబాలకి తెగ కౌన్సిల్ ఒక సాయం ఇచ్చేది. సరిహద్దుకి అవతల, ఇంకా ఉత్తరాన ఉన్న క్రీలకి ప్రభుత్వం ఇలాంటిదే ఇస్తుందని విని, బతిమాలి, పోట్లాడి ఇక్కడా చిన్నగా మొదలుపెట్టారు. షరతు ఒక్కటే. చలికాలం ఊళ్ళో కాకుండా అడవిలో ఉండాలి, వేటా ఉచ్చులూ బతుకుదెరువు కావాలి. ఊళ్ళో కూర్చున్నవాళ్ళకి వెల్ఫేర్ చెక్కు ఎలాగూ వస్తుంది. డబ్బు చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. కూర్చున్నందుకు ఇచ్చే డబ్బూ, వెళ్ళినందుకు ఇచ్చే డబ్బూ ఒకటి కాదని మోషుమ్ మొహం చూస్తే నాలాంటి పిల్లకి కూడా తెలిసేది. ఆ సాయం అందుకున్న రోజు ఆయన కొత్త బూట్లు తొడుక్కుని, ఊరి కొట్టు ముందు మగవాళ్ళ మధ్యన నిలబడి నవ్వేవాడు.

ఒక ఏడు ఆకులు రాలే రోజుల్లో మోషుమ్‌కి దగ్గు పట్టుకుంది. నాన్న క్లినిక్‌లో వారం రోజులు ఉంచి, రాత్రిళ్ళు కూడా వెళ్ళి చూసి వచ్చేవారు. లేచి తిరగగలిగిన వెంటనే ఆ ముసలాయన చేసిన మొదటి పని, ఊరి పక్క వాగులో ఉచ్చు వేసి ఆ కాలపు తొలి బీవర్‌ని పట్టడం. బీవర్ అంటే వాగులకి అడ్డంగా కట్టలు కట్టుకుని బతికే జంతువు, పలకలాంటి తోక ఉంటుంది. తొలి వేటని వాళ్ళు తామే తినరు. గౌరవించాల్సిన వాళ్ళింటికి పంపుతారు. బొచ్చు వొలిచి, మాంసం శుభ్రం చేసి, పిండి బస్తా గుడ్డలో చుట్టి, కోకుమ్ స్వయంగా తెచ్చి మా వంటగది బల్ల మీద, అమ్మ ఏరుతున్న కందిపప్పు పక్కన పెట్టింది. పైన తోక. "స్ట్రాంగ్. గుడ్. డాక్టర్" అంది. అమ్మ మొహం పాలిపోయింది. గుడ్డు గుమ్మం దాటని ఇల్లు మాది. నాన్న క్లినిక్‌లో చాటుగా గుడ్లు తింటారని అమ్మకి తెలుసు, తెలియనట్టు ఉండేది. అయినా ఆవిడ రెండు చేతులూ జోడించి, తల వంచి దాన్ని అందుకుంది. నా కళ్ళారా చూశాను.

కోకుమ్ వెళ్ళిపోయాక అమ్మ బల్ల చుట్టూ తిరిగింది, తిరిగింది, తిరిగింది. వండలేదు. పారేయలేదు, పెట్టిన తిండి పారేస్తే మహాపాపం. కుక్కలకి వేద్దామంటే, గౌరవించి ఇచ్చినదాన్ని కుక్కలకి వేస్తే ఆ మనిషి మొహం ఎలా చూస్తాం? ఎవరికైనా ఇద్దామంటే, చిన్న ఊరు, సాయంత్రానికి కోకుమ్‌కి తెలుస్తుంది. "అదీ ఒక ప్రాణమే కదే. మనింటికొచ్చి చేరింది. మన పద్ధతిలో సాగనంపుదాం" అంది చివరికి. మా మనుషులకి తప్ప ఇంకెవరికీ తట్టని ఆలోచన అది. పెరట్లో చెత్త తగలబెట్టే ఇనప పీపా కడిగించింది నా చేత. పొడి కట్టెలు పేర్చి, గుడ్డతో సహా దాన్ని మీద పెట్టి, పసుపూ కుంకుమా చల్లి, నెయ్యి వేసి, కర్పూరం వెలిగించి, తనకొచ్చిన శ్లోకాలు చదువుతూ దహనం చేసింది. ఆ కొవ్వు మండుతుంటే నెయ్యి మాడినట్టు కమ్మటి, భయంకరమైన వాసన. ఊళ్ళో కుక్కలన్నీ మా కంచె దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. తర్వాత ఆ చలిలో తలంటి పోసుకుని గజగజ వణికింది. మిగిలిన ఎముకలు చల్లారాక ఖాళీ కాఫీ డబ్బాలో పోసి, వాగులో కలుపుదామని పోతే, రాత్రి చలికి వాగు పైన గడ్డకట్టి ఉంది. "పారే నీళ్ళలో కలపాలి, ఇలా మంచు మీద పెడతామా? కరిగాక చూద్దాం" అని డబ్బా తెచ్చి కార్ షెడ్‌లో పైఅరలో పెట్టింది.

రెండు రోజుల తర్వాత కోకుమ్ వచ్చి టీ తాగుతూ, చేత్తో నీళ్ళు పారుతున్నట్టు చూపించి "బోన్స్? వాటర్?" అని అడిగింది. అమ్మ గభాలున "ఎస్, ఎస్" అనేసింది. తన మనసులో మాట అదే గనక అబద్ధం అనుకోలేదు. కోకుమ్ తృప్తిగా తల ఊపింది. సాయంత్రం నేను లొరేన్‌ని అడిగాను, ఎముకలకీ నీళ్ళకీ ఏమిటి అని. "బీవర్ ఎముకలు నీళ్ళకి తిరిగిచ్చెయ్యాలి. కుక్కల పాలు కానివ్వకూడదు, చెత్తలో వెయ్యకూడదు. మర్యాద చెయ్యకపోతే మిగతా బీవర్లకి తెలుస్తుంది. ఇంక ఆ వేటగాడికి దొరకవు" అని చెప్పింది, ఎక్కాలు అప్పజెప్పినంత మామూలుగా. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. చెత్త పీపాలో కాల్చిన సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. అమ్మ గరిటె పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది.

నేల గడ్డకట్టింది. మంచు కురిసింది. కొండల్లోకి పోయేవాళ్ళందరూ పోయారు. మోషుమ్ గుడారం మాత్రం ఇంటి పక్క తాడు మీద అలాగే వేలాడుతూ ఉంది. రోజూ బడికి పోతూ నేను దాన్ని చూసేదాన్ని. అమ్మ అన్నం వడ్డిస్తూ నాన్నని అడిగింది, "కోకుమ్ వాళ్ళు ఇంకా పోలేదేమండీ? కౌన్సిల్ వాళ్ళు ఈసారి సాయం ఇవ్వటం లేదుట, లొరేన్ చెప్పింది మన పిల్లకి. ఎందుకుట?" నాన్న తల ఎత్తలేదు. "ఏమో. ఈసారి వేట బాగాలేదట. వాగులో జంతువులు లేవట" అన్నారు.

అమ్మ చేతిలో చారు గిన్నె కింద పెట్టేసింది. "నేనేనండీ. నావల్లేనండీ" అంటూ భోరుమంది. పీపా, కర్పూరం, డబ్బా, ఎస్ ఎస్ అనడం, అన్నీ చెప్పేసింది. "ఆ ముసలాయన నోటికాడి కూడు తీశానండీ. ఏ జన్మకి పోతుందండీ ఈ పాపం?" నాన్న చెయ్యి అన్నంలో ఆగిపోయింది. ఆయన మొహం నేను చూశాను. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచారు. తర్వాత "ఊరుకో శారదా. ఎముకలకీ వేటకీ సంబంధమేమిటి, పిచ్చిదానా" అని మెల్లగా అన్నారు. ఎవరైనా ఓదార్చడానికి అనే మాట అది. అమ్మ కళ్ళు తుడుచుకుని "మీకు తెలియదు" అంది. నాన్న మజ్జిగ పోసుకోకుండానే లేచారు.

ఆ చలికాలం వాళ్ళు అడవికి పోలేదు. మోషుమ్ ఊళ్ళో, గవర్నమెంటు కట్టిచ్చిన ఇంట్లో, వెచ్చటి గదిలో, టీవీ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ వెచ్చదనం ఆయనకి గిట్టేది కాదు, బయట గాలి ఊళపెడుతున్నా కిటికీ తీసి ఉంచేవాడు. గుడారంలో నేల మీద దేవదారు కొమ్మలు పరుచుకుని, వారానికోసారి కొత్తవి మార్చుకుని పడుకునే మనిషికి నున్నటి లినోలియం నేల మీద నిద్ర పట్టలేదు. కోకుమ్ కొండ అంచుకి పోయి కొమ్మలు నరుక్కొచ్చి, హాల్లో టీవీ కింద దాకా పరిచింది. ఇళ్ళ సంగతి చూసే ఆయన వచ్చి అగ్గి అంటుకుంటుందని తీయించేశాడు. మళ్ళీ పరిచింది. మేం వెళితే ఆ ఇల్లు సగం అడవి, సగం ఆసుపత్రి. అమ్మ వెళ్ళిన ప్రతిసారీ పూరీలు పట్టుకెళ్ళేది, అవి బల్ల మీద పెట్టి, మోషుమ్ కళ్ళల్లోకి చూడలేక వంటగదిలోకి పోయి కూర్చునేది. ఆయన కొండల వైపు చూస్తూ ఉండేవాడు. నన్ను చూసి ఒకసారి నవ్వి, చేత్తో నీటి మీద బీవర్ తోక కొట్టినట్టు చప్పుడు చేసి చూపించాడు. చలి విరగకముందే ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలోనే పోయాడు. కబురొస్తే నాన్న సంచీ పట్టుకుని పరిగెత్తారు. తిరిగి వచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయారు.

వాగు కరిగాక అమ్మ ఆ డబ్బా తీసుకెళ్ళి, గట్టున పూసిన పసుపు గడ్డిపూలు కోసి, ఎముకలతోపాటు నీళ్ళలో వదిలింది. తర్వాత కోకుమ్ ఈ తొడుగులు తెచ్చి ఇచ్చింది. ఆ బొచ్చు ఏ జంతువుదో అమ్మ అడగలేదు. రెండేళ్ళకి నాన్నకి ఇల్లినాయ్‌లో ఉద్యోగం వచ్చింది, మేం వచ్చేశాం. అమ్మ మాత్రం పూర్తిగా రాలేదు. ఏకాదశి ఉపవాసాలు మోంటానాలోనే మొదలుపెట్టింది. మా స్నేహితులందరూ భక్తి అనుకున్నారు. నాకు తెలుసు ఎవరి కోసమో. ఇక్కడ నది ఒడ్డున నడవడానికి వెళితే, బీవర్లు కొరకకుండా చెట్ల మొదళ్ళకి ఇనప వల చుట్టి ఉంటుంది. అమ్మ ఆ చెట్ల దగ్గర ఆగి చెప్పులు విడిచి దణ్ణం పెట్టేది. జాగింగ్ చేసేవాళ్ళు పక్కకి తప్పుకుని పోయేవాళ్ళు. వంటగదిలో గిన్నె ఏదైనా నీళ్ళలో చప్పుడుతో పడితే ఉలిక్కిపడేది. వయసు మీదపడ్డాక, "ఆ ముసలాయన కిటికీ దగ్గర కూర్చున్నాడే. మంచినీళ్ళైనా ఇవ్వు" అని నాకు చెప్పేది. అప్పుడు నాన్న పేపర్ మడిచి పక్క గదిలోకి పోయేవారు. ఆయన విసుక్కుంటున్నారనుకుని నాకు మండిపోయేది.

ఆ మధ్య తలో వంట తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో ఈ సాయం సంగతి చెబితే, మా సుబ్బారావు అంకుల్ గులాబ్‌జామ్ నోట్లో పెట్టుకుని "వేటాడినందుకు జీతమా! భలే వుందమ్మా. మన ఉపాధి హామీలో కనీసం గుంతలైనా తవ్వాలి" అని పకపకా నవ్వారు. నాకు నోరెక్కువని మా ఆయన అంటారు, కాదని నేనూ అనను. "ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మీటింగ్‌లో మ్యూట్ చేసుకున్నందుకు మీ అబ్బాయికి ఇస్తున్నారు కదా అంకుల్, అంతకన్నానా?" అన్నాను. పార్టీ అయ్యేదాకా ఆయన నా వైపు రాలేదు. నిజానికి నా కోపం ఆయన మీద కాదు. ఆ సాయం ఆగిపోయినందుకు ఒక మనిషి కుర్చీలో కూర్చుని పోయాడని, మా అమ్మ బతుకంతా దానికి జవాబు చెప్పుకుందని ఆయనకి ఎలా తెలుస్తుంది?

తొడుగులు దొరికిన నెలలోనే లొరేన్ నంబర్ వెతికి పట్టుకుని, ఫ్లైట్ బుక్ చేసి, దిగి కార్ రెంట్ చేసి అంత దూరం డ్రైవ్ చేశాను. అమ్మ పాపం ఏదో అమ్మ తరఫున చెప్పేసి రావాలని. గాలి మారలేదు, కార్ తలుపు ఊడి చేతికొచ్చినంత పనైంది. క్లినిక్ కొత్తది కట్టారు. మా ఇంటి చోట పార్కింగ్ ఉంది. లొరేన్ జుట్టు తెల్లగా, నడుం వెడల్పుగా, అచ్చం కోకుమ్‌లా ఉంది. ఇప్పుడు ఆ అడవి సాయం చూసే పని తనదే. పోయేవాళ్ళు కొద్దిమందే మిగిలారట, వాళ్ళలో ఇద్దరు కాలేజీ చదివి వెనక్కి వచ్చిన కుర్రాళ్ళట. తన ఇంట్లో బల్ల మీద తొడుగులు పెట్టి, ఇద్దరం టీ తాగుతూ, పీపా దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. లొరేన్ మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టింది.

"మాకు తెలుసు! ఆ కుక్కలు, ఆ వాసన, ఊరంతా తెలుసు. స్ప్రింగ్‌లో మీ అమ్మ పూలు వేసి వాగులో వదలడం కోకుమ్ చూసింది. చచ్చిపోయేదాకా చెప్పుకుని మురిసిపోయింది. బీవర్‌కి అంత పెద్ద ఫ్యునరల్ ఎవరూ చెయ్యలేదు అని."

"మరి వేట లేకపోవడం? సాయం ఆగిపోవడం?"

లొరేన్ నవ్వు ఆగింది. "నీకు తెలియదా? ఆ ఏడు వాగు నిండా బీవర్లే. ముందటేడు ఒక ముసలాయన క్యాంప్‌లో పోయాడని, పెద్దవాళ్ళని పంపించేముందు డాక్టర్‌ని అడగాలని కౌన్సిల్ రూల్ పెట్టింది. మీ నాన్నని మీటింగ్‌కి పిలిచారు. అందరి ముందు లేచి, ఈయన గుండె పాడైపోయింది, అడవికి వెళితే తిరిగి రాడు అని చెప్పారు. మోషుమ్ అక్కడే ఉన్నాడు. లేచి థాంక్యూ డాక్టర్ అన్నాడు."

నేను బల్ల మీది తొడుగులు దగ్గరికి లాక్కున్నాను.

"ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు. కోకుమ్ కూడా. నిజమే చెప్పారు కదా. తర్వాత మేం ఆ రూల్ తీసేశాం. ఎవరు అడవికి పనికొస్తారో ఇప్పుడు డాక్టర్‌ని అడగం. వెళ్ళేవాళ్ళనే అడుగుతాం." తను నా కప్పులో ఇంకా చక్కెర వేసింది. "ఇదంతా మీ అమ్మకి చెప్పే ఉంటారనుకున్నాం."

దారంతా ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి సూట్‌కేస్ కూడా లోపల పెట్టకుండా నాన్న గదిలోకి పోయాను. ఎనభై దాటాయి ఆయనకి. కిటికీ దగ్గర కూర్చుని బత్తాయి తొనలు వొలుచుకుంటున్నారు. "లొరేన్ అంతా చెప్పింది" అన్నాను. ఆయన వొలవడం ఆపారు.

"నేను చెప్పింది అబద్ధం కాదమ్మా. ఆ గుండెతో మంచులో పది అడుగులు వేస్తే పడిపోతాడు. అక్కడ చచ్చిపోతాడని భయపడ్డాను. ఇక్కడ చచ్చిపోయాడు."

"అది నేనడగట్లేదు నాన్నా. మీరు డాక్టరు, చెప్పాల్సింది చెప్పారు. అమ్మకెందుకు చెప్పలేదు? వేట బాగాలేదని ఎందుకన్నారు?"

"కోకుమ్ ఒక్కతే మీ అమ్మకి స్నేహితురాలు. నేనే వాళ్ళని ఆపానంటే ఆవిడ మొహం ఎలా చూస్తుందని, అప్పటికి ఏదో ఒక మాట అనేశాను. మరుక్షణం ఎముకలంటూ ఏడ్చింది. చెబుదామనే నోరు తెరిచాను. రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. ఈలోగా ఆయన పోయాడు. తనేమో ఉపవాసాలు మొదలుపెట్టింది. ఎముకల పాపమైతే ఉపవాసం ఉండి కడుక్కోవచ్చు. అది నాదని తెలిస్తే తను ఎవరికి ఉపవాసం ఉంటుంది?"

"మిమ్మల్ని తిట్టేది. నెల రోజులు మాట్లాడేది కాదు. తర్వాత అన్నం పెట్టేది. నలభై ఏళ్ళు నాన్నా! నలభై ఏళ్ళు కడుపు మాడ్చుకుంది. చెట్లకి దణ్ణాలు పెట్టింది. మీరు పేపర్ మడుచుకుని పక్క గదిలోకి పోయారు." నేను అరుస్తున్నానని నాకే తెలుస్తోంది. ఆయన తొనలన్నీ పళ్ళెంలో ఒక పక్కకి జరిపారు.

"చివరి రోజు మధ్యాహ్నం నువ్వు మందులకి వెళ్ళావు చూడు, అప్పుడు మెలకువొచ్చింది తనకి. 'ఏమండీ, ఆయన నన్ను క్షమించాడంటారా?' అని అడిగింది. క్షమించాడన్నాను. 'మీకెలా తెలుసు?' అంది. నా మొహంలోకే చూస్తూ ఉంది. చాలాసేపు చూసింది. అప్పుడైనా చెప్పాల్సింది. దుప్పటి సర్ది, 'పడుకో శారదా' అన్నాను." నాన్న పళ్ళెం పక్కన పెట్టారు. "పడుకుంది."